జర్మనీలో 'ఆర్గానిక్' అని రాస్తే కెమిస్ట్రీ అంటున్నారు: ఈ మాట యూరప్‌లో ఎందుకిలా చీలింది?

రైన్_ఒడ్డున
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను డ్యూసెల్‌డోర్ఫ్‌లో ఉంటాను. మా అక్కావాళ్లు నిజామాబాద్ దగ్గర పసుపు వేస్తారు. కొన్నేళ్లుగా యూరియా, పురుగుమందులు లేకుండానే పండిస్తున్నారు. ఇక్కడి ఒక ఇండియన్ షాపుకి శాంపిల్ పంపుదామని మా బావ ఆలోచన. ప్యాకెట్ మీద తెలుగులో 'సేంద్రియ పసుపు' అని ఉంది, దాన్ని జర్మన్‌లో రాసిపెట్టమన్నాడు.

నేను నేరుగా 'ఓర్గానిష్' అని రాశాను. మా ఆఫీసులో ఒకామెకి చూపిస్తే, "ఇది ల్యాబ్‌లో సీసా మీద రాసినట్టుంది, 'బియో' అని మార్చు" అంది. సరిహద్దు దాటి నెదర్లాండ్స్‌కి వెళ్తే 'బియోలోఖిస్' అంటారు. స్వీడన్‌లో 'ఎకోలోగిస్క్' చూశాను. మూడు భాషల్లోనూ కెమిస్ట్రీ సబ్జెక్టుకి మాత్రం ఆర్గానిక్ అనే మాటే వాడుతున్నారు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట సరిపోతున్నప్పుడు వీళ్లకెందుకు సరిపోలేదు? అసలు ఈ మాట మొదట్లో ఏ అర్థంతో పుట్టింది?

పదాల_పుట్ట
సోమవారం, రాత్రి 10:25

మంచి ప్రశ్న అడిగారు. కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

మూలం గ్రీకు 'ఓర్గనోన్'. అంటే పనిముట్టు, సాధనం. దీని వెనక ఉన్నది 'ఎర్గోన్', అంటే పని. ఇంగ్లీషు 'వర్క్', జర్మన్ 'వెర్క్', మనం రోజూ వాడే 'ఎనర్జీ' అన్నీ ఆ కుటుంబంలోవే. 'సర్జరీ' కూడా అక్కడిదే, గ్రీకులో చేతిపని అని దాని అర్థం. అరిస్టాటిల్ తర్కగ్రంథాలన్నిటినీ కలిపి తర్వాతివాళ్లు 'ఓర్గనోన్' అన్నారు, ఆలోచనకి పనిముట్టు అనే ఉద్దేశంతో. 1620లో ఫ్రాన్సిస్ బేకన్ తన పుస్తకానికి 'నోవుమ్ ఓర్గానుమ్' అని పేరు పెట్టింది దాన్ని దృష్టిలో పెట్టుకునే.

ఇప్పుడు విశేషణానికి వద్దాం. 'ఓర్గనికోస్' అంటే పనిముట్లకు సంబంధించినది. గ్రీకు రచయిత ప్లూటార్క్ ఆర్కిమిడీస్ గురించి రాస్తూ యంత్రాలు కట్టే విద్యకు ఈ మాటే వాడాడు. అంటే పాత అర్థంలో ఆర్గానిక్‌కీ యాంత్రికానికీ పెద్ద తేడా లేదు! ఈ రోజు ఆర్గానిక్ అనగానే యంత్రానికి వ్యతిరేకమైనదేదో తోస్తుంది కదా. పూర్తిగా తలకిందులైంది.

ఈ మార్పుకి దారి వేసింది అరిస్టాటిలే. ఆత్మ గురించి చెప్పేటప్పుడు ఆయన ప్రాణి దేహాన్ని 'ఓర్గనికోన్' అన్నాడు. కన్ను చూడటానికి సాధనం, చెయ్యి పట్టుకోవడానికి సాధనం. అలా పనిముట్టు కాస్తా శరీరంలో అవయవమైంది. 18వ శతాబ్దం మొదట్లో జర్మన్ వైద్యుడు గేయోర్గ్ స్టాల్ 'ఆర్గానిజం' ఒకటి, 'మెకానిజం' వేరొకటి అని గట్టిగా విడదీశాడు. 1790లో తత్వవేత్త కాంట్ ఇంకా ముందుకెళ్లి, ప్రాణిలో ప్రతి భాగమూ మిగతావాటికి సాధనమే, వాటి ప్రయోజనమూ తానే అని వాదించాడు. అప్పటికి మాట పూర్తిగా జీవం వైపు వచ్చేసింది.

ఇంకో పాయ లాటిన్‌లో నడిచింది. 'ఓర్గానుమ్' అంటే అక్కడ వాద్యం కూడా. చర్చిలో గొట్టాలతో వాయించే ఆర్గన్ అదే. ఇంగ్లీషు, స్పానిష్, ఇటాలియన్ భాషలు వాద్యానికీ అవయవానికీ ఒకే పదం ఉంచుకున్నాయి. ఫ్రెంచ్ వాళ్లు వాద్యాన్ని 'ఓర్గ్' అని, అవయవాన్ని 'ఓర్గాన్' అని విడగొట్టారు. జర్మన్‌లో 'ఓర్గెల్', 'ఓర్గాన్'. రష్యన్‌లో అయితే అక్షరాలు ఒకటే, ఊనిక (నొక్కి పలకడం) మొదటి అక్షరం మీద పడితే అవయవం, రెండోదాని మీద పడితే వాద్యం. ఒక్క ఊనికతో గుండె కాస్తా హార్మోనియం చుట్టమైపోతుంది. నాకు ఈ ముక్క చాలా ఇష్టం.

కెమిస్ట్రీ సంగతి మేష్టారు చెప్తే బాగుంటుంది.

కర్బనం_మేష్టారు
మంగళవారం, ఉదయం 6:15

పిలిచారు కాబట్టి చెప్తాను. జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి ఇదే పాఠం చెప్పినవాణ్ని.

'ఆర్గానిక్ కెమిస్ట్రీ' అనే మాటని 19వ శతాబ్దం మొదట్లో వాడుకలోకి తెచ్చింది స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్. ఆయన ఉద్దేశంలో అది అవయవాలున్న జీవుల్లో పుట్టే పదార్థాల రసాయన శాస్త్రం. పంచదార, కొవ్వు, యూరియా, వెనిగర్‌లోని ఆమ్లం ఇలాంటివి. రాళ్లలో, గనుల్లో దొరికేవి ఇనార్గానిక్. జీవుల్లో ఏదో ప్రాణశక్తి ఉంటుంది, అది లేకుండా ఈ పదార్థాలు తయారుకావు అని అప్పట్లో చాలామంది నమ్మకం.

1828లో బెర్లిన్‌లో ఫ్రీడ్రిష్ వోలర్ అమ్మోనియం సయనేట్ చేయబోతే చేతికి యూరియా వచ్చింది. ఆయన బెర్జీలియస్ శిష్యుడే. గురువుగారికి ఉత్తరం రాస్తూ, మనిషిదైనా కుక్కదైనా మూత్రపిండం అవసరం లేకుండానే నేను యూరియా చేయగలను అన్నాడు.

పాఠ్యపుస్తకాల్లో ఆ ఒక్క ప్రయోగంతో ప్రాణశక్తి వాదం కూలిపోయినట్టు రాస్తారు. పిల్లలకి అలా చెప్పడం నాకు ఎప్పుడూ ఇష్టం ఉండేది కాదు. ఆ సయనేట్లను అప్పట్లో చేసేది జంతువుల కొమ్ములు, గిట్టలు, రక్తం లాంటి వాటితోనే. కాబట్టి అందులో జీవపదార్థం ఉంది కదా అని అనడానికి ఎదుటివాళ్లకి సందు మిగిలింది. 1845లో కోల్బె మూలకాల నుంచే దశలవారీగా ఎసిటిక్ ఆమ్లం చేశాడు. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో బెర్తెలో ఇంకెన్నో చేశాడు. వాదం అలా మెల్లగా సన్నగిల్లింది.

అప్పుడు చిక్కొచ్చిపడింది. జీవంతో సంబంధం లేకుండా చేయగలిగితే ఆ శాస్త్రానికి ఆర్గానిక్ అనే పేరెందుకు? పేరు మార్చలేదు, అర్థం మార్చారు. 1850ల చివర్లో కెకులె తన పాఠ్యగ్రంథంలో, ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే కార్బన్ సమ్మేళనాల కెమిస్ట్రీ అని చెప్పాడు. మన తెలుగు పుస్తకాలు 'కర్బన రసాయన శాస్త్రం' అంటున్నది ఈ అర్థాన్నే. నిజానికి మన పేరే ఎక్కువ సూటిగా ఉంది.

ఇంకొకటి. ఇనార్గానిక్ కెమిస్ట్రీని ఫ్రెంచ్ వాళ్లు చాలాకాలం 'షిమీ మినెరాల్' అన్నారు, అంటే ఖనిజాల కెమిస్ట్రీ. లేనిదాని పేరుతో పిలవకుండా ఉన్నదాని పేరుతో పిలిచారు, అది నాకు నచ్చుతుంది.

కదిరి_పల్లీ
మంగళవారం, ఉదయం 7:50

మేష్టారూ, ఇక్కడే నాకు ఎప్పట్నుంచో ఉన్న డౌట్. మీ లెక్కన యూరియా ఆర్గానిక్. మా లెక్కన సేంద్రియ వ్యవసాయంలో మొట్టమొదట మానేయాల్సింది యూరియానే. తెగుళ్లకి కొట్టే బోర్డో మిశ్రమంలో ఉన్నది మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం. కార్బన్ వాసనే లేదు. దాన్ని మాత్రం సేంద్రియ పద్ధతిలో కొట్టుకోవచ్చంటున్నారు. రైతులకి ఇది వివరించలేక మా గ్రూపులో తలలు పట్టుకుంటున్నాం.

కర్బనం_మేష్టారు
మంగళవారం, ఉదయం 8:05

మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. కెమిస్ట్రీ ఆర్గానిక్ అణువులో ఏముందో చూస్తుంది. వ్యవసాయం ఆర్గానిక్ ఆ పదార్థం ఎలా వచ్చింది, పొలంలో ఎలా వాడారు అని చూస్తుంది. యూరియాలో కార్బన్ ఉంది కాబట్టి మా దగ్గర పాసైంది. ఫ్యాక్టరీలో అమ్మోనియా నుంచి చేశారు కాబట్టి మీ దగ్గర ఫెయిలైంది. యూరప్‌లో కూడా రాగి మందులు సేంద్రియ పద్ధతిలో వాడొచ్చు. కాకపోతే హద్దు ఉంది. ఏడేళ్లలో హెక్టారుకి 28 కిలోల రాగి దాటకూడదు. రాగి నేలలోంచి పోదు, పేరుకుంటుంది, వానపాములకి చెరుపు.

కార్బన్ ఉన్నవన్నీ మా దగ్గర ఆర్గానిక్ అనుకోకండి. కార్బన్ డయాక్సైడ్, సున్నపురాయి ఇనార్గానిక్ ఖాతాలోనే ఉన్నాయి. అది పాత అలవాటు. గట్టిగా అడిగితే పక్కా నిర్వచనం మా దగ్గరా లేదు.

పేచ్_మెడికో
మంగళవారం, సాయంత్రం 5:30

నేను హంగరీలో పేచ్ అనే ఊళ్లో ఎంబీబీఎస్ లాంటి కోర్సు చదువుతున్నాను. మా క్లాసులు ఇంగ్లీషులోనే, పేషెంట్లతో మాట్లాడాలి కాబట్టి హంగేరియన్ నేర్పిస్తారు. అందరూ గ్రీకు మాట అరువు తెచ్చుకుంటే వీళ్లు తెచ్చుకోలేదు. అవయవాన్ని 'సెర్వ్' అంటారు. ఆర్గానిక్ కెమిస్ట్రీ 'సెర్వెష్ కేమియా'. ఇనార్గానిక్ అంటే 'సెర్వెట్లెన్', అంటే అవయవం లేనిది.

మా టీచరమ్మ చెప్పింది, ఈ 'సెర్వ్' పాత మాట కాదట. సుమారు రెండు వందల ఏళ్ల కిందట హంగేరియన్ భాషని సంస్కరించాలని రచయితలు వేల కొద్దీ కొత్త పదాలు పుట్టించారు, అప్పుడు చేసింది. దేన్నుంచి అంటే 'సెర్' నుంచి. సాధనం అని అర్థం. పనిముట్టుకి ఇప్పటికీ 'సెర్సామ్' అంటారు. పదాల పుట్ట గారు చెప్పిన గ్రీకు కథనే వీళ్లు సొంత మట్టితో మళ్లీ చేసుకున్నట్టుంది. అదే కుటుంబంలో 'సెర్వెజెట్' అంటే శరీరమూ అవుతుంది, సంస్థ అనీ అవుతుంది, అచ్చం ఆర్గానిజం, ఆర్గనైజేషన్ లాగ.

కూరగాయల దగ్గర మాత్రం వీళ్లు కూడా 'బియో' అంటారు. సొంత మాట ఉండి కూడా.

డాక్టర్ల దగ్గర ఇంకో అర్థం ఉంది. రోగం 'ఆర్గానిక్' అంటే అవయవంలో కనిపించే లోపం ఉందని. టెస్టుల్లో ఏమీ దొరక్కపోతే ఆర్గానిక్ కారణం లేదంటారు. జర్మన్ డాక్టర్లు కూడా 'ఓర్గానిష్' ఇలాగే వాడతారు. కాబట్టి రైన్ ఒడ్డున అన్నా, మీ పసుపు ప్యాకెట్ చూసినవాళ్లకి కెమిస్ట్రీ ల్యాబ్ గుర్తుకు రాకపోతే ఆసుపత్రి గుర్తుకొచ్చేది!

పదాల_పుట్ట
మంగళవారం, రాత్రి 10:10

హంగేరియన్ సంగతి చదివి చాలా సంతోషమైంది. ఐస్‌లాండ్ వాళ్లు కూడా సొంత మాటే చేసుకున్నారు కానీ వేరే దారిలో. 'లీవ్' అంటే జీవం, దాన్నుంచి 'లీవ్రైన్'. కెమిస్ట్రీకీ అదే, క్యారెట్‌కీ అదే.

ఇప్పుడు పొలం దగ్గరికి వద్దాం. అసలు గొడవ అక్కడే మొదలైంది.

1924లో ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ కోబెర్‌విట్స్ అనే ఊళ్లో రైతులకి కొన్ని ఉపన్యాసాలు ఇచ్చాడు. అప్పుడది జర్మనీ, ఇప్పుడు పోలండ్. పొలం మొత్తాన్నీ ఒక ప్రాణిలా చూడాలన్నాడు. దాన్నుంచి 'బయోడైనమిక్' పద్ధతి వచ్చింది. 1940లో ఇంగ్లండ్‌లో లార్డ్ నార్త్‌బోర్న్ 'ఆర్గానిక్ ఫార్మింగ్' అనే మాటని వాడుకలోకి తెచ్చాడు. ఆయనకి స్టైనర్ ఆలోచనలు బాగా తెలుసు. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి: ఆయన చెప్పిన ఆర్గానిక్ ఎరువుకి సంబంధించినది కాదు. పొలం ఒక ఆర్గానిజం, నేల, పశువు, పంట, మనిషి అందులో అవయవాలు అని. అంటే ఆయన వాడింది అరిస్టాటిల్, కాంట్‌ల ఆర్గానిక్. కెకులె ఆర్గానిక్ కాదు.

అదే 1940లో ఆల్బర్ట్ హోవర్డ్ పుస్తకం కూడా వచ్చింది. ఆయన బిహార్‌లోని పూసాలో, తర్వాత ఇండోర్‌లో పనిచేసి, కంపోస్టు చేసే 'ఇండోర్ పద్ధతి'ని తయారుచేసిన మనిషి. మన రైతుల దగ్గర నేర్చుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. అమెరికాలో 1942లో రోడేల్ పత్రిక ఆర్గానిక్ అనే పేరుతోనే మొదలైంది. దాంతో ఇంగ్లీషులో మాట స్థిరపడింది.

జర్మన్ మాట్లాడే ప్రాంతంలో ఏం జరిగిందంటే, స్విట్జర్లండ్‌లో హాన్స్ మ్యూలర్, మరియా మ్యూలర్ దంపతులు, జర్మన్ వైద్యుడు రూష్ కలిసి 'ఓర్గానిష్-బియోలోగిష్' అనే జంట పేరు పెట్టారు. అంటే ఓర్గానిష్ కూడా బరిలో ఉంది! వాడుకలో మాత్రం దాని సగం రాలిపోయి 'బియో' మిగిలింది. ఎందుకంటారా? నా అభిప్రాయం ఇది. లీబిగ్, వోలర్, కెకులె, కోల్బె లాంటి పెద్ద రసాయన శాస్త్రవేత్తలందరూ జర్మన్లు. రసాయన పరిశ్రమ అక్కడ ఊరూరా ఉంది. ఓర్గానిష్ అనే మాటని కెమిస్ట్రీ ముందే పూర్తిగా తీసేసుకుంది. రసాయనాలు వద్దనే ఉద్యమానికి రసాయన శాస్త్రం పేరు అతకలేదు.

ఓడెన్స్_కల్యాణి
బుధవారం, మధ్యాహ్నం 12:20

పదాల పుట్ట గారూ, చివరి మాటతో నేను ఒప్పుకోను. నేను డెన్మార్క్‌లో ఆహార పదార్థాల లేబుళ్ల పనిలోనే ఉన్నాను. కెమిస్ట్రీ మాటని ముందే తీసుకోవడం అన్ని భాషల్లోనూ జరిగింది, ఇంగ్లీషులో కూడా. అయినా ఇంగ్లీషు రైతులు వెనకాడలేదు. డెన్మార్క్‌లో జర్మనీ అంత రసాయన పరిశ్రమ లేదు, మేమూ ఓర్గానిస్క్ అనలేదు.

నా ఉద్దేశంలో కాలమే తేడా తెచ్చింది. ఇంగ్లీషులో ఉద్యమం 1940ల్లో మొదలైంది, అప్పుడు గొప్ప మాట 'ఆర్గానిజం'. నార్డిక్ దేశాల్లో ఇది జనంలోకి వచ్చింది 1970, 80ల్లో. అప్పటికి అందరి నోటా ఉన్నది పర్యావరణం. అందుకే 'ఓకోలోగిస్క్'. ఆ మాటకి తల్లి 'ఓకోలోగీ', 1866లో జర్మన్ శాస్త్రవేత్త హెకెల్ పుట్టించాడు, గ్రీకులో ఇల్లు అనే మాట నుంచి. ఇక్కడ పాల ప్యాకెట్ మీద ఎర్రటి 'ఓ' గుర్తు లేని ఇల్లు కనిపించదు.

ఫిన్లండ్ వాళ్లు ఇవేవీ కాదని 'లువోము' అన్నారు, ప్రకృతికి తగినట్టు అనే పొడుగు మాటని కుదించి. ఎస్టోనియాలో 'మహె' అంటారు. అంటే మృదువైనది, సాత్వికమైనది. అన్నిటికన్నా నాకు అదే నచ్చింది.

లిస్బన్_సుధ
బుధవారం, సాయంత్రం 6:45

కల్యాణి గారి మాటకి నా దగ్గర ఇంకో రుజువు ఉంది. పోర్చుగల్‌లో 'బియోలోజికు' అంటాం. బ్రెజిల్‌లో అదే పోర్చుగీసు భాషలో 'ఓర్గానికు'. స్పెయిన్‌లో 'ఎకోలోహికో', లాటిన్ అమెరికాలో ఎక్కువగా 'ఓర్గానికో'. భాష ఒకటే, కెమిస్ట్రీ పుస్తకాలూ ఒకటే. సముద్రం అవతల అమెరికా మార్కెట్ ప్రభావం, ఇవతల ఫ్రాన్స్ ప్రభావం. కాబట్టి మాటని నిర్ణయించింది శాస్త్రం కన్నా పొరుగువాళ్లే.

గ్రీసుకి సెలవులకి వెళ్లినప్పుడు చూశాను, అక్కడ కూరగాయల మీద 'వియోలోయికా' అని రాస్తారు. ఓర్గనికోస్ పుట్టిన దేశంలోనే దాన్ని కెమిస్ట్రీకి వదిలేసి 'బయో' ఎత్తుకున్నారు.

'బయో'తో తిప్పలు లేకపోలేదు. ఫ్రెంచ్‌లో 'బియోలోజిక్' అంటే సేంద్రియం, కన్నతండ్రికీ అదే విశేషణం, క్రిములతో చేసే ఆయుధానికీ అదే.

పదాల_పుట్ట
బుధవారం, రాత్రి 9:30

సుధ గారి బ్రెజిల్ ఉదాహరణ బలమైనది, కాదనలేను. జర్మన్ విషయంలో మాత్రం కెమిస్ట్రీ బరువు పనిచేసిందనే అనుకుంటున్నాను. అక్కడ ఎరువుకి 'ఓర్గానిష్' అని ఇప్పటికీ నిక్షేపంగా అంటారు, పెంట ఎరువు 'ఓర్గానిషర్ డ్యూంగర్'. తినే వస్తువు దగ్గరకొచ్చేసరికి అనరు.

యూరప్‌లోని ఈ చీలికే మన దగ్గరా అచ్చంగా ఉంది, గమనించారా? తెలుగు, మరాఠీ 'సేంద్రియ' అన్నాయి, ఇంద్రియాలతో కూడినది. కన్నడంలో 'సావయవ', అవయవాలతో కూడినది. ఇవి ఇంగ్లీషు దారి, అరిస్టాటిల్ దాకా పోతాయి. హిందీ 'జైవిక్', మలయాళం 'జైవ' అన్నాయి, అది ఫ్రెంచ్ దారి. తమిళంలో 'ఇయర్‌కై', ప్రకృతి, ఫిన్లండ్ వాళ్లలాగ. ఆంధ్రాలో ఇప్పుడు 'ప్రకృతి వ్యవసాయం' అనే మాట కూడా బాగా నడుస్తోంది కానీ అది వేరే పద్ధతి, సేంద్రియానికి మారుపేరు కాదు.

రైన్_ఒడ్డున
బుధవారం, రాత్రి 11:05

ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. అయితే ప్యాకెట్ మీద 'బియో' అని రాసి పంపమని మా బావకి చెప్పేస్తున్నాను. వాళ్ల గ్రూపుకి పీజీఎస్ (రైతులే ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి) సర్టిఫికెట్ ఉందన్నాడు. సరిపోతుందా?

ఓడెన్స్_కల్యాణి
గురువారం, ఉదయం 11:30

ఆగండి, ఇంకా చెప్పకండి! ఈ మాటలు యూరప్‌లో ఎవరికి వారు రాసుకునేవి కావు. 1991లోనే చట్టం చేసి, ఒక్కో భాషలో ఏ మాట రక్షితమో జాబితా ఇచ్చారు. స్పానిష్, డానిష్, జర్మన్‌లకి 'ఎకో' మాట. ఫ్రెంచ్, ఇటాలియన్, డచ్, పోర్చుగీస్, గ్రీకులకి 'బయో' మాట. ఇంగ్లీషుకి ఆర్గానిక్. ఇప్పుడు నడుస్తున్నది 2018 నాటి నిబంధన, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం 'బయో', 'ఎకో' అనే పొట్టి మాటలు కూడా యూరోపియన్ యూనియన్ అంతటా, ఏ భాషలో రాసినా, రక్షితమే. సర్టిఫికెట్ లేకుండా రాస్తే సరుకు అమ్మనివ్వరు, షాపు ఓనర్ కూడా ఇరుక్కుంటాడు.

పీజీఎస్ దేశంలో అమ్ముకోవడానికి. ఎగుమతికి అది చెల్లదు. మన దేశంలో 2001 నుంచి ఎన్‌పీఓపీ అనే సేంద్రియ సర్టిఫికెట్ విధానం ఉంది, వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అపెడా దాన్ని చూస్తుంది. మీ బావగారిని ముందు అక్కడ అడగమనండి. యూరప్ గుర్తించిన తనిఖీ సంస్థ సర్టిఫికెట్ కావాలి. దానిపైన పంపే ప్రతి సరుకుకీ విడిగా తనిఖీ పత్రం కావాలి. శాంపిల్ పంపాలంటే మామూలు పసుపుగానే పంపండి, ఆ విశేషణం ఏ భాషలోనూ వద్దు. 'ఓర్గానిష్' కూడా వద్దు.

పనిలో పని, పదాల పుట్ట గారికి ఒకటి. ప్యాకెట్ మీద యూనియన్ వాళ్ల సేంద్రియ గుర్తు, ఆకు లోగో దగ్గర చిన్న అక్షరాల్లో తనిఖీ సంస్థ కోడ్ ఉంటుంది. మొదటి రెండు అక్షరాలు దేశం, తర్వాతి మూడు ఆ దేశపు విశేషణం. జర్మనీది డీఈ-ఓకో, ఫ్రాన్స్‌ది ఎఫ్‌ఆర్-బయో, స్పెయిన్‌ది ఈఎస్-ఎకో, ఐర్లండ్‌ది ఐఈ-ఆర్గ్. జర్మన్లు నోటితో అనేది బియో, వాళ్ల కోడ్‌లో ఉన్నది ఓకో. బ్రిటన్ వెళ్లిపోయాక యూనియన్‌లో 'ఆర్గ్' వాడేవాళ్లు బాగా తగ్గిపోయారు.

కదిరి_పల్లీ
గురువారం, మధ్యాహ్నం 1:15

కల్యాణక్కా, ఎన్‌పీఓపీలో రైతుల గ్రూపుగా చేరొచ్చా, లేక ఒక్కొక్కరం విడిగా కట్టుకోవాలా? మా దగ్గర వేరుశెనగ వేసేవాళ్లు చాలామంది ఇదే అడుగుతున్నారు.

ఓడెన్స్_కల్యాణి
గురువారం, మధ్యాహ్నం 2:00

గ్రూపుగా చేరొచ్చు తమ్ముడూ. గ్రూపుకి సొంతంగా లోపలి తనిఖీ ఏర్పాటు ఉండాలి, ప్రతి పొలానికీ రికార్డు ఉండాలి. యూరప్ కొత్త నిబంధనలో గ్రూపు సైజు మీద, రైతుల అర్హత మీద షరతులు గట్టిపడ్డాయి. దీనికి వేరే చర్చ తెరవండి, వివరంగా రాస్తాను.

కర్బనం_మేష్టారు
గురువారం, సాయంత్రం 6:40

తెరవండి. రాగి మందుల గురించి, నేలలో అది ఎలా పేరుకుంటుందో నేనూ అక్కడే రాస్తాను.